రెండుంబావు

సరిగ్గా రెండుంబావుకి
తెర మీద ఒక ఊపిరితిత్తి సగం దాకా దిగి ఆగిపోతుంది.
లెస్టర్ ఆస్పత్రిలో ఎవరో పెద్దాయన ఛాతీ ఎక్స్‌రే.
పైసగం నా ముందుంటుంది,
కిందిసగం ఇంకా దారిలో ఉంటుంది.
రౌటర్ మీద పచ్చదీపం ఆరి ఎర్రది వెలుగుతుంది.
నాలుగు నిమిషాలు ఆయనా నేనూ
ఊపిరి బిగబట్టి కూర్చుంటాం.

నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.
వానన్నాను. కెటరింగ్ రాగితీగల ముసలితనమన్నాను.
పక్కింటి మైక్రోవేవ్‌ని కూడా అనుమానించాను.
పాపం, ఆ వేళప్పుడు పులుసు ఎవరు వేడిచేసుకుంటారు?
కంపెనీకి ఫోన్ చేస్తే
ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడమన్నారు.
పదకొండు రాత్రులు ఆపి వేశాను.

పన్నెండో రోజు పొద్దున నెవిల్ వచ్చాడు,
వంగినప్పుడల్లా మోకాళ్లు పటపటమనే మనిషి.
గోడ సాకెట్ మూత విప్పి, తన పసుపుపచ్చ ఫోను తగిలించి,
చాలాసేపు విని అన్నాడు:
"మీ లైను ఇంకెవరో వాడుతున్నారండీ."
ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్ని.

మెట్లకింది అరలో, వాక్యూమ్ క్లీనర్ వెనక దొరికింది,
గోడతోపాటు మూడుసార్లు రంగు పూయించుకున్న ఇనప డబ్బా.
దొంగల అలారం.
బయట సైరన్ ఎప్పుడో ఊడదీశారు,
తలుపుల మీది కళ్లు పీకేశారు,
దీన్ని మరిచిపోయారు.
మంచినీళ్ల గొట్టంలో మురికితూము కలిపినట్టు
దాని తీగ తిన్నగా ఫోన్ లైన్లో కలిసి ఉంది,
మధ్యన ఫిల్టరన్నది లేకుండా.

"రోజూ రాత్రి ఆఫీసుకి ఫోన్ చేస్తుందిది,
నేను మేలుకునే ఉన్నానని చెప్పడానికి.
అటువైపు ఎత్తారా, క్షణంలో పెట్టేస్తుంది.
ఎత్తలేదా, మళ్లీ చేస్తుంది. మళ్లీ.
అది లైను పట్టుకున్నంతసేపూ మీ బ్రాడ్‌బ్యాండ్ పట్టు తప్పుతుంది."
ఫోన్ ఎత్తాల్సినవాళ్లు
దుకాణమే ఎత్తేసి పద్నాలుగేళ్లట.

ఎదురింటి డోరీన్ గేటు దగ్గర నిలబడి మిగతాది చెప్పింది.
తొంభై ఒకటి చలికాలంలో మిసెస్ టెబట్ ఇంట్లో దొంగలు పడ్డారు.
పోయినవి ఒక రేడియో, సగం కోసిన క్రిస్మస్ కేకు.
కేకు సంగతే ఆవిడకి కొరుకుడు పడలేదు:
తాపీగా కూర్చుని తిన్నాడా, పట్టుకుపోయాడా?
నెల్లాళ్లు నిద్రలేదు.
ఈ డబ్బా పెట్టించిన రాత్రి
పొద్దెక్కేదాకా పడుకుందట.

నెవిల్ ఏదో మీట నొక్కి, ఫోను నా చెవికి పెట్టాడు.
టకటకా పదకొండు అంకెలు.
తర్వాత ఒక ఆడగొంతు, మర్యాదగా,
ఆ నంబరు వాడుకలో లేదని.
డబ్బాకి ఆ భాష రాదు.
దానికి కావాల్సింది ఒకే ఒక్క కూత.
దానికోసం ఆగింది. ఆగి,
పెట్టేసి, మళ్లీ మొదటి అంకె.

మా వీధిలో గస్తీవాడు కర్ర నేలకేసి కొట్టి
పారాహుషార్ అనేవాడు, నా చిన్నప్పుడు.
జవాబు కోసం ఎప్పుడూ ఆగలేదు వాడు.
అందుకే మాకు నిద్ర పట్టేదేమో.

"అగ్గిపెట్టెంత ఫిల్టరు పెడతాను, దాని మాట దానిది, మీ మాట మీది.
లేదా కత్తిరించేస్తాను.
ఎలాగూ ఈ రాగిలైన్లకి రోజులు దగ్గరపడ్డాయి," అన్నాడు,
కటింగ్ ప్లయర్ అప్పటికే చేతిలో ఉంది.
కందకు లేని దురద కత్తికెందుకు అనుకుని,
కత్తిరించమన్నాను.
చిన్న చప్పుడు. గోరు తీసుకున్నట్టు.

ఆ రాత్రి ఊపిరితిత్తి ఆగకుండా అడుగుదాకా దిగింది.
కుడివైపు, అట్టడుగున, తెల్లటి మచ్చ.
అంటే అదంతా కిందిసగంలోనే ఉంది.
రిపోర్టు రాసి పంపి టైము చూశాను:
రెండుంబావు దాటి మూడు నిమిషాలు.
నా ఇల్లు ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

లేచి వెళ్లి
వెనక తలుపు గడియ చూసొచ్చాను.